కోపం వస్తలేదా?

“లేదు,” అన్నాడు పాండురంగ్ కాకా. నిద్ర పడ్తలేదా అని అడిగిన ఈ ప్రశ్నకూ అదే జవాబు. తల ఎత్తలేదు, గొంతు మార్చలేదు. రెండు అరచేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బల్ల కాలు నేలకు ఆనిన చోటునే చూస్తూ కూర్చున్నాడు. నేను చేతిలోని కాగితాన్ని చూస్తున్నాను. ఇంతసేపైనా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, అది నాకు హాయిగానే ఉంది, ఎదుటి మనిషి కళ్లూ పెదాలూ కదులుతుంటే వాటి వెంట పోయి మాట వినడం మరచిపోతాను నేను, చిన్నప్పటి నుంచీ అంతే, బడిలో టీచరు బాయి చెవి మెలిపెట్టి ‘ఇటు చూడు’ అనేది, చూసేదాన్ని, చూసినప్పుడల్లా పాఠం పోయేది. కాకా ఇంట్లో కూడా ఎవరో అలాగే చెవి మెలిపెట్టి ఉంటారు. ఆయన చెవులు పెద్దవి, తెల్లటి వెంట్రుకలతో, నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడిన చెవులు. ఈ మరాఠీ ఊళ్లో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ మా తెలుగు నేతవాళ్లలో ఒకడు, దాజీ పేటలో చాదర్లు, అంటే దుప్పట్లు నేసే మనిషి. కొన్ని నెలలుగా ఒళ్లు కరిగిపోతోందని భార్య యమునాబాయి కింద పెద్ద డాక్టర్లకు చూపించింది, రక్తం తీశారు, ఫొటోలు తీశారు, ఏమీ దొరకలేదు, పైన ఈ గదికి పంపారు. ఈ గది ప్రాజక్త మేడంది. మనసుకు వైద్యం చేసే డాక్టరు. ఆమె మరాఠీ మనిషి, కాకాకు మరాఠీ వచ్చు, కూరగాయలు కొనడానికీ కార్ఖానాలో దెబ్బలాడడానికీ సరిపోయేంత, కానీ కడుపులోది చెప్పమంటే మాత్రం ఆయన దగ్గర ఉన్నది మన తెలుగొక్కటే. అందుకే మేడం నన్ను పిలిచింది. ‘పూనం, ప్రశ్నలు నువ్వు చదువుతావా, ఆయన సరేనంటేనే’ అని. ఆయన సరే అనలేదు, కాదనలేదు, కుర్చీ కొంచెం నావైపు జరిపాడు. అది సరే అనడమేనని నాకు తెలిసింది. నాకు తెలిసింది అనుకోగానే ఒళ్లంతా వెచ్చబడింది, ఎందుకంటే మనుషులు నోటితో చెప్పనిది నాకు తెలియదని కదా అందరూ అనేది.

“పనిల మనసు నిలుస్తలేదా, కాకా?”

“లేదు... నిలుస్తది.”

నిలుస్తుంది, నిజమే చెబుతున్నాడు, అబద్ధం ఆడే మనిషి అయితే ఇంకెంత తేలిక. నాకూ నిలిచేది. అంత చెడ్డ రోజుల్లో కూడా కుంఠా నాకా దగ్గర మా యూనిఫారాల కార్ఖానాలో నా మిషను ముందు కూర్చుంటే బడిపిల్లల చొక్కాలకు కాజాలు ఒకదాని వెంట ఒకటి పడిపోయేవి, చేతులకు పని వచ్చు, అవి నన్ను అడగవు. ఆ ప్రశ్న రాసిన వాళ్లు ఎవరినో చూసి రాసి ఉంటారు, దిగులు పడితే పని పాడయ్యే మనుషులను. మాలాంటి వాళ్లను చూసి ఉండరు. మాలాంటి వాళ్లు అనే మాటే నాకు ముప్పై దాటాక దొరికింది, ఆటిజం అంటారని, అది రోగం కాదని, పుట్టుకతో వచ్చిన తీరు అని ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే, కాకా కూర్చున్న ఇదే కుర్చీలో కూర్చుని విన్నాను. అంతకుముందు నాకు వేరే పేర్లు ఉండేవి. మొండిది. తిక్కది. బాబాయి కూతురి పెళ్లిలో ఒకామె మూగదా అని అడిగితే అత్త అవునని చెప్పేసింది, పని తేలికవుతుందని.

మొదటిసారి నన్ను కొలిచింది ఈ ఊళ్లోనే ఒక డాక్టరు, కాలేజీ మానేసిన ఏడు. పేరు ఎందుకులే. ఆయనా కాగితం పట్టుకునే అడిగాడు. మనుషులతో కలవాలని అనిపించడం లేదా? లేదన్నాను, ఎప్పుడు అనిపించిందని. చేతులు ఊరికే కదులుతుంటాయా? అవునన్నాను, వేళ్ల మధ్య ఒక దారం పోగు ఉండాలి నాకు, దాన్ని నలుపుతూ ఉంటేనే ఆలోచన వరుసగా నడుస్తుంది, అప్పుడూ ఉంది చేతిలో. నిద్ర సరిగ్గా పట్టదా? చిన్నప్పటి నుంచీ పట్టదన్నాను. ఆయన కూడిక వేసి చాలా తీవ్రమైన దిగులు అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే అది కూడా రాసుకున్నాడు. ఎందుకంటే ఆ రోజుల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో నాకు తెలుసు, కాజా మిషను అప్పుడే నేర్చుకుంటున్నాను, పొద్దున లేవగానే దాని చప్పుడు గుర్తొచ్చి పళ్లు తోముకుంటూ గంతులు వేసేదాన్ని. ఆయన ఇచ్చిన మందులతో ఆ సంతోషమంతా మంచంలో పడి నిద్రపోయింది. ఆ వానాకాలం నాకు సరిగ్గా గుర్తు లేదు. అమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టడం, నాయిన గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోవడం, అంతే. ఆఖరికి అమ్మే మందులు ఆపమని ఆయన దగ్గరికి పోయి గొడవ చేసింది, ఆయన కొంచెం కొంచెంగా తగ్గించాడు, నేను మళ్లీ మిషను దగ్గరికి పోయాను.

“ఏడుపు ఊకె వస్తున్నదా?”

“లేదు.”

గోడవారన కూర్చున్న యమునాబాయి ఉండబట్టలేక అంది, “ఏడ్వడు బిడ్డా, అవ్వ సచ్చిపోయినప్పుడు గూడ ఏడ్వలే. శవం కాడ కూసోని చాదర్ అంచుల పోగులు లెక్కవెట్టుకుంట కూసున్నడు.” అంటూ తల కొట్టుకుంది. అప్పుడాయన భుజాలు కొద్దిగా లోపలికి ముడుచుకోవడం చూశాను. ఆమె చెడ్డది కాదు. ఏళ్లుగా ఈయన తరఫున ఊరికి సంజాయిషీ చెప్పుకుంటూ బతికిన మనిషి, మా అమ్మలాగే. మా అమ్మ యల్లమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ వచ్చిన వాళ్లందరికీ నా గురించి చెప్పేది, ‘దానికి గుణం మంచిదే, మాటనే రాదు’ అని. చుట్టే చెయ్యి ఆగేది కాదు, చెప్పే నోరూ ఆగేది కాదు. కానీ అమ్మకు ఒకటి తెలుసు, ఏ కాగితంలోనూ లేనిది, అది తెలియకపోతే నేను ఇవాళ ఇక్కడ ఉండేదాన్ని కాదు.

నాయిన మగ్గాలు అమ్మేసిన తర్వాతి సంగతి అది. పాత మగ్గాలు, కొత్తవాటి ముందు నిలవలేక తూకానికి పోయాయి. మా ఇల్లు, మగ్గాల కొట్టు ఒకే గోడకు అటూ ఇటూ. నేను పుట్టింది ఆ చప్పుడులో, అల్మారాలో స్టీలు గ్లాసులు సన్నగా వణుకుతూ ఉండేవి, గోడకు వీపు ఆనించి కూర్చుంటే ఎముకల్లోకి వచ్చేది. మాలాంటి వాళ్లకు శబ్దం పడదంటారు, కుక్కర్ ఈల పడదు నాకు, పెళ్లి బ్యాండు పడదు, స్టీలు కంచంలో చెంచా గీకితే ప్రాణం పోతుంది, కానీ మగ్గం శబ్దం కాదు, అది ఇల్లు. లారీ వచ్చి ఆ ఇనుమంతా ఎత్తుకుపోయిన రోజు అందరూ హమ్మయ్య, ఇక చెవులకు విశ్రాంతి అన్నారు. తర్వాత నెమ్మదిగా, పాలు విరిగినట్టు కాదు, అంత కనబడేలా కాదు, బట్ట రంగు వెలిసినట్టు, నాకు ఏదీ తగలకుండా పోయింది. అన్నంలో పప్పు కలిసిపోతే ఇదివరకు కంచం నెట్టేసేదాన్ని, ఇప్పుడు తినేశాను. మేనత్త కొడుకు పెళ్లికి గంజి పెట్టిన పట్టుచీర కట్టుకుని రోజంతా కుర్చీలో కూర్చున్నాను, పలకరించిన వాళ్లందరికీ నవ్వాను, నవ్వడం ఏముంది, పెదాలు సాగదీయడమే. తమ్ముడు ఆకాశ్ నా దువ్వెన తీసుకుంటే ఊరుకున్నాను. మా నేతవాళ్ల దేవుడు మార్కండేయుని రథం మా వీధిలోకి వచ్చినప్పుడు, ఏటా ఆ డప్పులకు నేను వెనక గదిలో దుప్పట్ల మధ్య దూరి చెవులు మూసుకునేదాన్ని, ఆ ఏడు గడప ముందే నిలబడ్డాను, డప్పులు నా ముందు నుంచే పోయాయి, చేతులు కిందికే వేలాడుతున్నాయి, పైకి ఎత్తాలని తోచలేదు. వీధంతా అమ్మను అభినందించింది. ‘యల్లమ్మా, నీ బిడ్డ మంచిగైందే. దేవుడు సూసిండు.’ అమ్మ నన్ను లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు మధ్యాహ్నం చాట పక్కన పెట్టి, వంటింట్లోంచి కంచం, చెంచా తెచ్చుకుని నా పక్కన కూర్చుంది అమ్మ. నా ముఖంలోకి చూస్తూ చెంచాతో కంచాన్ని గీకింది. నేను గోడను చూస్తూ ఉన్నాను. మళ్లీ గీకింది, ఇంకా గట్టిగా, కంచం మీద గీత పడేలా. నాకు వినిపిస్తోంది, ఎక్కడో పక్కవీధిలో ఎవరికో జరుగుతున్నట్టు వినిపిస్తోంది. “తిట్టవే నన్ను,” అంది. “ఒక్కసారి తిట్టవే పూనం. లొల్లి చెయ్యవే. ఎటు పోయినవే నువ్వు?” అని కంచం అవతల పారేసి, నా రెండు చేతులూ తన ముఖానికి అదుముకుని ఏడ్చింది. నా వేళ్ల మధ్య దారం లేదని అప్పుడు చూసింది అమ్మ. నేనూ అప్పుడే చూశాను.

తీసుకుపోయింది, ఎక్కడో పెట్టిన ఒక వైద్య శిబిరానికి, అక్కడా కాగితమే. తిండి? తింటున్నాను. పని? చేస్తున్నాను. మనుషుల్లోకి పోతున్నావా? పోతున్నాను, పెళ్లికి కూడా పోయాను. చచ్చిపోవాలని అనిపిస్తుందా? లేదన్నాను. నిజంగానే లేదు. చావడం అంటే ఒక పని, ఏదో చెయ్యాలి, నాకు ఏదీ చెయ్యాలని లేదు. పొద్దున్నే కళ్లు తెరవకుండా ఉంటే బాగుండునని ఉండేది, రోజూ, ప్రతి రోజూ, కానీ వాళ్లు అది అడగలేదు, అడగనిది ఎలా చెప్పడం. కూడిక వేసి ఏమీ లేదు, అమ్మాయి బాగుంది అన్నారు. సంతోషంగా ఉన్న రోజుల్లో నన్ను రోగి అన్న కాగితం, బతుకు వద్దనుకుంటున్న రోజుల్లో నన్ను బాగుందంది. అమ్మ ఆ బల్ల ముందు నుంచి కదలలేదు. “నా బిడ్డ ఇంత మంచిగ ఉండది సాబ్. అదే నా బాధ,” అంది. వాళ్లు నవ్వారు. అమ్మ నవ్వలేదు, ఇంకో చోటు అడిగి, ఇంకొకరిని అడిగి, ఈ ఆస్పత్రి మెట్లు ఎక్కించింది నన్ను.

“థాంబూయా కా?” అని మేడం నా చెవి దగ్గర మెల్లగా అడిగింది, ఆపుదామా అని. కాకా జవాబులన్నీ లేదు, లేదు, లేదు. కూడితే సున్నాకు ఒక మెట్టు పైన. ఇదే లెక్క అయితే మళ్లీ కిందికి పంపించాలి, కింద వాళ్లు ఇంటికి పంపిస్తారు. నేను తల అడ్డంగా ఊపాను. కాగితంలో ఇంకో ప్రశ్న ఉంది. అది నాది.

నాది అని ఎవరి ముందూ అనలేదు ఇంతవరకు. నాకు నయమవుతున్న రోజుల్లో మేడం చెప్పింది, ఈ కొలతలు ఆటిజం ఉన్న మీలాంటి పెద్దవాళ్ల దగ్గర తప్పుతున్నాయి, ఎక్కడ తప్పుతున్నాయో మిమ్మల్నే అడిగి సరిచేయాలని చూస్తున్నామని. నిన్ను ఏమని అడిగి ఉంటే తెలిసేది అని అడిగింది. అప్పుడు నాకు తోచలేదు. తర్వాతి నెలా తోచలేదు, ఆ పై నెలా తోచలేదు, ఆమె తొందరపెట్టలేదు. ఒకరోజు ఆకాశ్ నా పక్కన కూర్చుని ఫోనులో పాటలు పెట్టాడు, నేను విసురుగా లేచి ఫోను లాక్కుని, ‘బయటికి పోరా, నీ పాటలు పాడుగాను’ అని వీధి వినేలా అరిచాను. అమ్మ చాట దింపి లేచింది, చక్కెర డబ్బా పట్టుకుని పక్కింటికీ ఎదురింటికీ పంచి వచ్చింది. ఏం శుభవార్త యల్లమ్మా అని అడిగితే ‘నా బిడ్డ లొల్లి చేసింది’ అని చెప్పింది. ఆ సాయంత్రమే నాకు ప్రశ్న దొరికింది. తర్వాతి గురువారం మేడంకు చెప్పాను, ఆమె నా మాటల్లోనే రాసుకుంది. ‘ఇది సరిగ్గా కొలుస్తుందో లేదో ఇంకా తెలియదు పూనం, చాలామందిని అడిగి చూడాలి, చివరికి తీసేయవచ్చు కూడా’ అంది. సరేనన్నాను. తీసేసినా సరే, ముందు ఒక మనిషిని అడగనివ్వాలి.

కాగితం అంచు నా చేతుల్లో తడిగా ఉంది. చదివాను. “కాకా, ముందుగాల మీకు పడనియి ఉంటుండె కదా, కోపం తెప్పించేటియి. ఇప్పుడు అవే వచ్చినా కోపం వస్తలేదా?”

“కోపమా!” అంది యమునాబాయి, ముఖం వెలిగిపోతూ. “ఇప్పుడు అస్సలే లేదు బిడ్డా, మస్తు మంచిగైండు, ఏం పెడ్తె అది తింటడు...” నేను చెయ్యి ఎత్తాను. పెద్దవాళ్ల ముందు అలా చెయ్యి ఎత్తకూడదని తెలుసు, అయినా ఎత్తాను, దించలేదు. ఆమె ఆగింది. గదిలో మాట లేదు. మామూలు మనుషులు ఇలాంటి ఖాళీని భరించలేరు, ఏదో ఒకటి వేసి నింపుతారు. నాకు అందులో ఉండడం వచ్చు. కాకాకూ వచ్చు. ఇద్దరం అందులో కూర్చున్నాం. మేడం కలం కూడా కదలకుండా ఆగింది. కిటికీ బయట ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

అప్పుడు ఆయన వేళ్లు మోకాళ్ల మధ్యనుంచి బయటికి వచ్చాయి.

“మా కార్ఖానల పొగాకు నమిలి మగ్గం పక్కన ఉమ్ముతరు,” అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది, ఇన్ని మాటలు ఒక్కసారిగా వాడి చాలా రోజులైనట్టు. “నాకు పడది. ముందుగాల అయితె మీదికి పోతుంటి. మాలక్‌తోని గూడ కొట్లాడిన. ఇప్పుడు నా చెప్పు మీద ఉమ్మినా... సూస్త. ఊకుంట.”

“ఎప్పటిసంది, కాకా?”

“పెంటయ్య పోయినప్పటిసంది.”

యమునాబాయి లేచి నిలబడింది. “పెంటయ్యనా? ఆయనకు మీకు ఏమున్నది? మీరిద్దరు మాట్లాడంగ ఎన్నడన్న ఎవరన్న సూసిండ్రా?”

“మాట్లాడలే,” అన్నాడు కాకా. “పక్క మగ్గం ఆయనది.”

అంతే. కానీ నాకు వినబడింది, రెండు మగ్గాలు పక్కపక్కన ఏళ్ల తరబడి నడిచిన చప్పుడు, మాట అవసరం లేని ఇద్దరు మగవాళ్లు, ఒకడి పోగు తెగితే రెండోవాడు చూడకుండానే తన మగ్గం నెమ్మది చేయడం, టిఫిన్ డబ్బాలు ఒకే గూట్లో, ఒకరోజు ఆ పక్క మగ్గం మీద వేరే మనిషి. ఆయనకు ఎవరూ పరామర్శ చెప్పి ఉండరు. స్నేహితుడని ఎవరికి తెలుసు? మేడంకు మెల్లగా మరాఠీలో చెప్పాను. ఆమె కళ్లు మూసి తెరిచింది, కాగితం మీద చివరి వరుస వేలితో చూపించింది. దాన్ని కూడా నా మాటల్లోకి మార్చి రాసుకున్నాం. ఇది చదవడానికి నాకు భయం. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని మొదట్లో భయపడ్డాను, పుట్టదు, ఉన్నదే బయటికి వస్తుంది అని మేడం చెప్పింది, నా విషయంలో అది నిజం, నన్ను ఎవరైనా అడుగుతారేమోనని నేను ఎంతకాలం ఎదురుచూశానో నాకు తెలుసు.

“కాకా, సావాలని కాదు. పొద్దున లెవ్వకుంటె మంచిగుండు అనిపిస్తదా?”

ఆయన మొదటిసారి తల ఎత్తాడు. నన్ను చూడలేదు, నా చేతిలోని కాగితాన్ని చూశాడు, అది తనను ఎలా చూసిందా అన్నట్టు.

“అనిపిస్తది,” అన్నాడు. “రోజు.”

యమునాబాయి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం కుర్చీ ముందుకు జరుపుకుని ఆయనకు దగ్గరగా కూర్చుంది, ఇక ఆమె అడిగింది, నేను తెలుగులో పెట్టాను, ఇంట్లో ఒంటరిగా ఉంటారా, ఏమైనా చేసుకోవాలని మనసు పోతుందా. లేదన్నాడు, ఈ లేదు వేరేగా ఉంది, వెనక మాట ఉన్న లేదు. మందులు రాసింది, తక్కువ మోతాదుతో మొదలుపెడదామంది, కొన్నాళ్లు ఆయనను ఒక్కడినీ వదలొద్దని యమునాబాయికి చెప్పింది, రోజులు లెక్కబెట్టి మళ్లీ రమ్మంది. ‘ఇది ఒంటి జబ్బు కాదు, బతకడం భారమైన జబ్బు, నయమవుతుంది’ అన్నది నేను తెలుగులో చెబుతుంటే ఆయన ప్రతి మాటకూ కొద్దిగా తల ఊపాడు. యమునాబాయి ఆయన మోచేతి మీద చెయ్యి వేయబోయి, మధ్యలో ఆగి, ఆయనకు అది పడదని గుర్తొచ్చి కాబోలు, కుర్చీ చేతి మీద వేసింది.

లేచేటప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. “ఏమనుకోకు బిడ్డా. ఆయన ముఖం సూసి మాట్లాడడు, ఎవ్వల్తోని గూడ అంతే.”

“ఆమె గూడ సూస్తలేదు గద,” అన్నాడు కాకా తలుపు దగ్గర నుంచి.

నాకు నవ్వొచ్చింది. నా నవ్వు పెద్దది, ఎక్కడా సరిపోనంత పెద్దది, ఆస్పత్రి గదిలో అసలే సరిపోలేదు, మేడం కూడా నవ్వింది. కాకా చెప్పులు వేసుకుంటూ అడిగాడు, “మల్ల వస్తె నువ్వే చదువుతవా?”

“గురువారం నాకు సుట్టి, కార్ఖానా ఉండది. గురువారమైతే చదువుత.”

“మల్ల గురువారమే వస్త,” అని వెళ్లిపోయాడు.

నేను మెట్లు దిగాను. గేటు దాటి బస్సు ఆగే చోట నిలబడ్డాను. గుండెలో ఏదో ఉంది. నాలో ఏం జరుగుతోందో నాకు వెంటనే తెలియదు, ఒక్కోసారి మర్నాటికి గాని తెలియదు, అందుకే నేను ఒకటొకటిగా అడిగి చూసుకుంటాను. ఆకలా? కాదు, పొద్దున రొట్టె తిన్నాను. భయమా? భయం పొట్టలో ఉంటుంది, ఇది పైన ఉంది, పక్కటెముకలను లోపలి నుంచి నెడుతోంది. ఏడుపా? కొంచెం ఉంది, కానీ అంచున మాత్రమే. ఎండ ముఖం మీద పడుతోంది, రిక్షాలు, ఎవరో చెరుకు రసం మిషను తిప్పుతున్నాడు, దాని గజ్జెలు గలగలమంటున్నాయి, చిరాకేసింది, వేసినందుకు బాగుంది. ఇంకొంచెం అడిగాను. అప్పుడు దొరికింది దాని పేరు. గర్వం. ఇదివరకు దాన్ని అమ్మ ముఖం మీద చూశాను, నాలోపల ఇంత పెద్దగా చూడలేదు. ఒక మనిషి పొద్దున లేవొద్దనుకుంటున్నాడు, ఎవరికీ తెలియలేదు, నా మాటకు తెలిసింది. కుంఠా నాకా బస్సు వచ్చి ఆగింది, కండక్టరు రమ్మని చెయ్యి ఊపాడు. నేను ఎక్కలేదు. బస్సులో మనుషులు తగులుతారు, మాట్లాడతారు, ఇది చెదిరిపోతుంది. పొమ్మన్నాను. అది నాలో నిండుగా ఉన్నంతసేపూ అక్కడే, ఎండలోనే, నిటారుగా నిలబడి ఉన్నాను.